నా కోపానికి రక్తపరీక్ష

మా ఇంట్లో బీరువా పై అరలో ఒక నీలం ఫైలు ఉంది. అందులో నా రక్తపరీక్షల కాగితాలున్నాయి. మా ఆవిడ పద్మ వాటిని కోపం కాగితాలు అంటుంది. మొన్నటి ఎండాకాలం నుంచి నేనెంత కోపిష్టినో నెలల వారీగా అంకెలతో సహా వాటిలో రాసి ఉంది. ఎవరింట్లోనైనా మెత్తని మనిషి ఉన్నట్టుండి గిన్నెలు విసరడం మొదలుపెడితే, అతనికి నీతులు చెప్పేముందు ఒక్కసారి రక్తం తీయించండి. ఆ ఒక్క ముక్క చెప్పడానికే ఇదంతా రాయడం. ఇంకో కారణం మా బావ. ఆయన్ని దాదాపు పోగొట్టుకున్నాను. జబ్బు కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది అదే కాబట్టి ఇది సగం ఆయన కథ.

నా పేరు సన్యాసిరావు. మాది నర్సీపట్నం. నాతవరం వైపు ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పొద్దున్నే షేర్ ఆటోలో వెళ్ళి సాయంత్రం షేర్ ఆటోలో వస్తాను. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఒక్క పిల్లాడి మీద చెయ్యెత్తిన పాపాన పోలేదు. నా క్లాసు గోల పక్క ఊరికి వినపడేది. అయినా పిల్లలకి లెక్కలు వచ్చేవి, అది వేరే సంగతి.

మా అక్క వరాలుని నాతవరం దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. బావ పేరు నూకరాజు. కాలువ కింద వరి, మెట్ట మీద జీడితోట. మనిషి ఆరడుగులు, గొంతు పన్నెండడుగులు. బావాబామ్మర్దుల వరస మా వైపు ఎలా ఉంటుందో తెలియని వాళ్ళకి చెప్పాలి. మాలో మాకు మర్యాద ఉండకూడదు. కనపడగానే ఒకడు ఇంకొకడి పరువు తియ్యాలి, అవతలివాడు వడ్డీతో సహా తిరిగి తియ్యాలి, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వాలి. అలా ఏడిపించుకోలేదంటే లోపల ఏదో తేడా ఉందని అర్థం. అక్క పెళ్ళిలో నేను కాళ్ళు కడగడానికి చెంబుతో నీళ్ళు తెస్తే, బావ ఆ నీళ్ళు నా నెత్తిన పోశాడు. తరవాత నాకు ఉద్యోగం వచ్చినప్పటి నుంచీ కొత్తవాళ్ళెవరు కనపడినా నన్ను ఒకటే రకంగా పరిచయం చేస్తాడు.

"ఈడు మా బామ్మర్ది సన్నాసి. లెక్కల మేస్టరు. గేదెకెన్ని కాళ్ళో మాత్రం వొంగి సూసి సెప్తాడు."

నేనూ తక్కువ తినలేదు లెండి. ఇరవై రెండేళ్ళు ఇలాగే హాయిగా గడిచాయి.

కార్తీకం

మొదట చెయ్యి వణికింది. బోర్డు మీద వృత్తం గీస్తే అది కోడిగుడ్డయింది. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. తరవాత ఆకలి. పొద్దున్న ఎనిమిది ఇడ్లీలు తిని బడికి వెళ్ళి, పదకొండు గంటలకి మధ్యాహ్న భోజనం వంటగది దగ్గర తచ్చాడేవాణ్ణి. అంత తిన్నా ప్యాంటు జారిపోయేది. బెల్టుకి మేకుతో కొత్త కంత పెట్టాను, నెల తిరక్కుండా ఇంకోటి పెట్టాను. ఊరంతా స్వెట్టర్లేసుకుని తిరుగుతుంటే నాకు ఫ్యాను కావాలి. పడుకుంటే గుండె చెవిలో కొట్టుకున్నట్టుండేది.

కోపం చిన్నగానే వచ్చింది. టిఫిన్ హోటల్లో చట్నీ పలచగా ఉందని గిన్నె బల్ల మీద ఎత్తేశాను. వెనకాల హారన్ కొట్టాడని ఒక బండివాడితో నడిరోడ్డు మీద పావుగంట వాదించాను. ఒకరోజు ఎనిమిదో తరగతిలో ఎవడో వెనక నుంచి పిల్లిలా అరిచాడు. ఏటా ఎవడో ఒకడు అరుస్తాడు, నేను "పిల్లికి హాజరు వేశాను, కూర్చోమ్మా" అంటాను. ఆ రోజు డస్టర్ తీసి గోడకేసి కొట్టాను. అది రెండు ముక్కలైంది. క్లాసు గప్‌చుప్.

రెండు నిమిషాల్లో హెడ్మాస్టరుగారు పరుగున వచ్చారు. "ఏటి మాస్టారూ, పిల్లల్ని ఇంటికి పంపించీసారేటి? సౌండ్ రావట్లేదు?" అన్నారు. నలభైమందీ చేతులు కట్టుకుని కూర్చుని ఉండడం చూసి ఆయన మొహం వెలిగిపోయింది. బయటికి పిలిచి నా భుజం తట్టారు. "ఇన్నాళ్ళకి మాస్టారులా ఉన్నారండి."

అక్కడ మొదలైంది మా అందరి పొరపాటు. నా జబ్బుని ఊరంతా ప్రమోషన్ అనుకుంది. నన్ను స్కూల్ డిసిప్లిన్ ఇన్‌చార్జిని చేశారు. తల్లిదండ్రుల మీటింగులో ఒక రైతు లేచి, "మా గుంటడికి మాస్టారంటే ఇప్పుడు బయ్యం ఉందండి" అని దణ్ణం పెట్టాడు. నా కళ్ళు అప్పటికే కొంచెం బయటికి పొడుచుకొచ్చాయి, చూస్తే చాలు గుడ్లురిమినట్టుండేది. పిల్లలు ఆ చూపుకే లెక్కలు చేసేసేవారు. నిజం చెప్పొద్దూ, నాకు భలేగా ఉండేది. ఇరవై ఏళ్ళుగా మెతక మాస్టారు అనిపించుకున్న వాడికి ఉన్నట్టుండి దారిలో మనుషులు తప్పుకుంటుంటే ఎవడికి చేదు?

ఇంట్లో మాత్రం వేరు. పద్మ నేనొచ్చే వేళకి మిక్సీ వెయ్యడం మానేసింది. టీవీ చూస్తే సౌండ్ లేకుండా చూసేది. హాస్టల్లో ఉన్న మా అమ్మాయి ఫోన్ చేస్తే వీధిలోకి వెళ్ళి మాట్లాడేది. నేను అదంతా చూశాను, చూసి కూడా ఇల్లు ప్రశాంతంగా ఉంది అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అక్క ఒకసారి వచ్చి నా మొహం చూసి, "ఓలమ్మా! ఒంట్లో ఏడిరా ఇది. కళ్ళు సూడు, ఎలా బయటికొచ్చీసినాయో" అని తేల్చేసింది. మా వాళ్ళకి ఏ రోగమైనా వేడే. అంతే, సబ్జా నీళ్ళు, బార్లీ నీళ్ళు, మధ్యాహ్నం మజ్జిగ, ఆదివారం ఆదివారం మాడుకి ఆముదం. చలికాలంలో అవన్నీ తాగి నాకు జలుబు చేసింది గాని వేడి తగ్గలేదు. బావ అరుగు మీద కూర్చుని చూసి, "ఎండిపోయిన మునక్కాడలా అయిపోనావేటిరా, పులుసులోకి కూడా పనికి రావు" అన్నాడు. నేను నవ్వలేదు. ఆయన అది కనిపెట్టాడేమో, మళ్ళీ ఏమీ అనలేదు.

కొత్త అమావాస్య

ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్యకి ఏటా అక్కగారింట్లోనే భోజనం. పెరట్లో షామియానా వేసి వరసగా విస్తళ్ళు పరుస్తారు. బావ అన్నదమ్ములు, వాళ్ళ వియ్యంకులు, చుట్టుపక్కల వాళ్ళు, అందరూ ఉంటారు. వడ్డన బావదే. భుజం మీద తువ్వాలు, చేతిలో గారెల బుట్ట.

నేను అప్పటికి పది గారెలు తిన్నాను. పదకొండోది వేస్తూ బావ వంటశాల వైపు తిరిగి కేకేశాడు.

"ఓలే వరాలూ, బేగి ఇంకో గంగాళం ఎయ్యి! నీ తమ్ముడికి ఇవి సాలవు. ఇంకాసేపుంటే ఇస్తరాకు కూడా నమిలీసేలా ఉన్నాడు."

పంక్తంతా గొల్లుమంది. ఇంకే ఏడైనా నేను, "నీ ఇంట్లో అన్నిటికన్నా రుచిగా ఉన్నది ఇస్తరాకే బావా" అనేవాణ్ణి. వియ్యంకులు ఇంకోసారి నవ్వేవారు. ఆట అక్కడితో అయిపోయేది.

ఆ రోజు కడుపులోంచి ఏదో సర్రున తలకెక్కింది. చెవులు మూసుకుపోయాయి. బావ నోరు కదలడం కనపడుతోంది, మాట వినపడడం లేదు. లేచాను. కొట్టాను. చెంప మీద, అందరి ముందు, తింటున్న చేత్తో.

కొట్టడం ఒక ఎత్తు. ఎంగిలి చేత్తో కొట్టడం ఇంకో ఎత్తు. అందులోనూ అన్నం పెడుతున్న మనిషిని, అతని పెరట్లో, అతని విస్తరి మీంచి లేచి. పప్పూ నెయ్యీ బావ బుగ్గ మీద నుంచి కొత్త తెల్లచొక్కా మీదికి కారాయి. అక్క వంటశాల గుమ్మంలో గరిటె పట్టుకుని అలా నిలబడిపోయింది.

ఆరడుగుల మనిషి తిరిగి ఒక్కటిస్తే నేను గోడకి అంటుకునేవాణ్ణి. ఆయన కొట్టలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తన తమ్ముడి వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు.

"మాస్టారుగారికి సెయ్యి కడుక్కోడానికి నీళ్ళియ్యండి."

మాస్టారుగారు. ఇరవై రెండేళ్ళలో ఆ మాట ఆయన నోట నా గురించి రాలేదు. కొట్టినా తిట్టినా ఇంత దెబ్బ తగిలేది కాదు నాకు. పరాయివాణ్ణి చేసేశాడు.

స్కూటర్ మీద ఇంటికొచ్చాం. పద్మ తాళం తీసి, చెప్పులు విడిచి, అప్పుడడిగింది. "రేపు నన్ను కూడా కొడతారా?"

దెప్పడానికి అడగలేదు. తెలుసుకోవడానికి అడిగింది. నా చేతుల మీద నాకే నమ్మకం పోయిన మొదటి రోజు అది.

మంగలి అప్పారావు

జబ్బు కనిపెట్టింది ఏ డాక్టరూ కాదు, మా వీధి చివర సెలూన్ అప్పారావు. పండగయిన మూడో రోజు గడ్డం చేయించుకోవడానికి వెళ్ళాను. ఎప్పుడూ రాజకీయాలు మాట్లాడేవాడు, ఆ రోజు నోరు మూసుకుని పని చేస్తున్నాడు. గొంతు దగ్గరికి వచ్చేసరికి ఆగాడు.

"మాస్టారూ, ఒక మాట సెప్తాను, తిట్టకండి. కత్తి నా సేతిలో ఉన్నప్పుడే సెప్పీడం మంచిది."

"ఏంటి?" అన్నాను గుడ్లురుముతూ.

"మీ గొంతు కింద ఎత్తుగా ఉందండి. కిందటి నెల ఇలాగ నేదు. కత్తి ఎక్కి దిగతంది. పైగా మా అత్తకి కూడా ఇలాగే ఉండేది. ఇలాగే సెమట్లు, ఇలాగే కళ్ళు, ఇలాగే ఇంట్లో అందర్నీ సంపుకు తినీసేది. తైరాయిడ్ అన్నారు. బేగి సూపించుకోండి."

అద్దంలో చూసుకున్నాను. నిజమే, గొంతు కింద ఎవరో చిన్న గారె పెట్టి కుట్టినట్టుంది. మొహం నిండా సబ్బు నురగతో నేను అక్కడే ఏడ్చేశాను. అప్పారావు కంగారుపడి కత్తి దూరంగా పెట్టి, వేడి టీ తెప్పించాడు.

నర్సీపట్నంలో డాక్టరుగారు నన్ను రెండు చేతులూ ముందుకి చాపమని, వేళ్ళ మీద ఒక తెల్లకాగితం పెట్టారు. కాగితం గాలిపటంలా కొట్టుకుంది. ఆయన నాడి చూసి, రక్తానికి రాసి, రిపోర్టు వచ్చాక విశాఖపట్నంలో ఈ గ్రంథుల జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి పంపించారు.

ఎండాకాలం

విశాఖపట్నం ఆస్పత్రిలో వెయిటింగ్ హాలు చూసి తీరాలి. సగం మంది గ్రంథి మందగించిన వాళ్ళు, సగం మంది నాలా గ్రంథి పరుగెడుతున్న వాళ్ళు. మందగించిన వాళ్ళు శాలువాలు కప్పుకుని కునుకు తీస్తుంటే, మా బ్యాచ్ అంతా ఫ్యాన్ల కింద నిలబడి కౌంటర్ అమ్మాయితో గొడవ. టోకెన్ నంబరు పిలవడం ఆలస్యమైందని ముగ్గురం ఒకేసారి లేచాం. ఆ అమ్మాయి మాకు అలవాటు పడిపోయినట్టుంది. "కూర్చోండి సార్, అది మీరు కాదు, మీ థైరాయిడ్" అంది నవ్వుతూ. ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. జేబులో వేసుకున్నాను.

పక్క కుర్చీలో కొయ్యూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది. పొద్దున్న తొలి బస్సుకి బయల్దేరిందట. సంచీలోంచి పనస తొనలు తీసి ఆకులో పెట్టి పద్మకిచ్చింది.

"మీ ఆయనకేటమ్మా జబ్బు?"

"కోపం అండీ," అంది పద్మ.

ఆవిడ నోరు తెరిచింది. "కోపానికి కూడా మందుందేటి? మా ఆయనకి ఏ జబ్బూ నేకుండానే నలభయ్యేళ్ళుగా ఉంది. ఒక సీసా ఎక్కువ రాయించమ్మా, నాను పట్టుకుపోతాను."

పద్మ నవ్వింది. పనస తొన చేతిలో పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. కార్తీకం తరవాత ఆ నవ్వు వినడం అదే మొదటిసారి. మా టోకెన్ పిలిచినా మేమిద్దరం కాసేపు లేవలేకపోయాం.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, ఓపిక మాత్రం పెద్దది. గొంతు తడిమి చూసి, కాగితాలు చదివి, మందులు రాశారు. నేను కుర్చీ అంచున కూర్చుని అసలు సంగతి అడిగాను. "మా బావని కొట్టానండి. అది ఈ హార్మోను చేసిన పనేనా?"

ఆవిడ పెన్ను పక్కన పెట్టారు. "మెదడు లోపల ప్రమాదం వస్తే గంట కొట్టే చోటు ఒకటుంటుందండి. నుదుటి వెనకాల, ఆగు, చూసి చెయ్యి అని ఆపే భాగం ఇంకొకటి. మామూలు రోజుల్లో గంట మోగినా ఇది సర్దేస్తుంది. మీకు నెలల తరబడి ఈ హార్మోను ఒళ్ళంతా పరుగులు పెట్టిస్తోంది. నిద్ర లేదు, గుండెదడ. గంట ఊరికే మోగుతోంది, ఆపాల్సింది అలిసిపోయింది."

"కోపం అంటే మగవాళ్ళ హార్మోను అంటారు కదండీ, ఇదేంటి మరి?"

"అందరూ దాని మీదకే తోసేస్తారు," అని నవ్వారు. "పోటీ, పరువు అన్నప్పుడు దాని పాత్ర కొంత ఉంటుంది. కానీ ఏ ఒక్క హార్మోనూ వచ్చి మీ చెయ్యి పట్టుకుని కొట్టించదు. ఇక్కడ బయట కూర్చున్న వాళ్ళలో చాలామందికి మీ జబ్బే. విసుక్కుంటారు, ఏడుస్తారు. అందరూ కొట్టరు. కోపాన్ని గ్రంథి పెంచింది, దానికి నేను మందిస్తాను. చెయ్యి మాత్రం మీదేనండి."

ఆ ఆఖరి మాట నాకు రుచించలేదు. మొదటిదంతా శ్రద్ధగా గుర్తుపెట్టుకుని, దాన్ని అక్కడే వదిలేసి వచ్చాను.

మందులు వేసుకున్న వారంలో గుండె చెవిలోంచి దిగి గుండెల్లోకి వెళ్ళింది. మూడు వారాలకి నిద్ర పట్టింది. అబ్బ, ఆ నిద్ర! వేసవి సెలవులు కదా, పొద్దున్న తొమ్మిదింటికి లేచేవాణ్ణి. పద్మ గుమ్మంలో నిలబడి ఫోన్లో అమ్మాయికి, "మీ నాన్న గురక పెడుతున్నారే" అని శుభవార్త చెప్పేది. చేతి వణుకు తగ్గింది. బెల్టు కంతలు ఒక్కొక్కటే వెనక్కి నడిచాయి.

కోపం పోయిన రోజు బాగా గుర్తుంది. బస్టాండ్ ముందు ఒక ఆటో నా స్కూటర్ అద్దాన్ని విరగ్గొట్టి పోయింది. నేను బండాపి, కోపం వస్తుందని నిలబడ్డాను. రాలేదు. ఇంకాసేపు చూశాను. ఊహూ. ఆ డ్రైవరు భయపడుతూ వెనక్కొచ్చి, "సారీ మాస్టారూ" అంటే, నేను అతని చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, "పర్లేదమ్మా, చాలా థాంక్స్" అన్నాను. అతను ఇంకా భయపడిపోయాడు. విరిగిన అద్దం పట్టుకుని ఇంటికెళ్ళి పద్మకి చూపించాను. "కోపం రాలేదు," అన్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి మిక్సీ ఆన్ చేసింది. ఆ పూట కొబ్బరిచట్నీ, అల్లంచట్నీ, టమాటాచట్నీ, మూడు చేసింది.

బడి తెరిచాక వారానికే నా క్లాసులో గోల మొదలైంది. హెడ్మాస్టరుగారు కిటికీలోంచి చూసి, "మళ్ళీ పాత మాస్టారే వచ్చీసారే" అని దిగాలుపడి, డిసిప్లిన్ ఇన్‌చార్జి పని డ్రిల్ మాస్టారికి ఇచ్చేశారు. వెనక బెంచీలోంచి ఎవడో పిల్లిలా అరిచాడు. నేను హాజరు వేశాను.

శ్రావణం

అన్నీ బాగయ్యాయి, ఒక్కటి తప్ప. బావ నాతో మాట్లాడడం మానలేదు. అదే బాధ. మానేస్తే అలక అనుకోవచ్చు. బడికి వెళ్తుంటే రోడ్డు మీద కనపడేవాడు, తువ్వాలు భుజం మీంచి దింపి, "నమస్కారమండి మాస్టారు" అనేవాడు. వెటకారం కాదు. పంచాయతీ సెక్రటరీకి పెట్టినట్టు నిజమైన నమస్కారం.

ఇక ఉండలేక నీలం ఫైలు పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. ప్లాస్టిక్ కుర్చీ తువ్వాలుతో తుడిచి వేశాడు. "కూర్చోండి. టీ తీసుకుంటారా?" అన్నాడు. చేతులు జోడించి క్షమించమన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. లెక్కల మాస్టార్ని కదా, రుజువు చూపించకుండా ఉండలేను. కాగితం మీద మెదడు బొమ్మ వేశాను. గంట ఇక్కడ బావా, ఆపేది ఇక్కడ, గ్రంథి ఇదిగో గొంతులో. రిపోర్టులు వరసగా పరిచాను. కొట్టింది నేను కాదు బావా, గ్రంథి, అన్నాను.

ఆయన అన్నీ విన్నాడు. "అలాగాండి. గ్రంథి కదండీ. సరేనండి," అని కాగితాలు జాగ్రత్తగా సర్ది ఫైల్లో పెట్టి నాకిచ్చాడు.

పెరట్లో అక్క నన్ను పట్టుకుని దులిపేసింది.

"బావకీ బామ్మర్దికీ మజ్జిన సమాపణలేటిరా? దణ్ణాలెట్టుకోడానికి మీరేటి వియ్యంకులా? దానికితోడు కాగితాలు సూపించావు, ఆడేమైనా కోర్టేటి?"

"మరేం చెయ్యమంటావే?"

"ఏటి సేస్తావు! ఆట ఎవడు పాడు సేసేడు, నువ్వు. మళ్ళీ నువ్వే మొదలెట్టాలి. నలుగురిలో పరువు తీసేవు కదా, నలుగురిలోనే ఆడ్ని ఏడిపించు. ఆడు తిరిగి అన్నాడా, సరి. అనలేదా..." అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అనకపోతే ఇంక ఆ వరస పోయినట్టేరా తమ్ముడూ."

కొట్టినవాడు మళ్ళీ నలుగురిలో వెక్కిరించాలి. అదీ మా వరసలో క్షమాపణ. వినడానికి సులువు. బెడిసికొడితే బావ మరి జన్మలో నా మొహం చూడడు. నోట్‌బుక్ చివర మూడు వెటకారాలు రాసుకుని, స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ లేనప్పుడు బట్టీ పట్టాను.

షేర్ ఆటో

రెండు వారాల తరవాత సాయంత్రం నాతవరంలో ఆటో ఎక్కాను. ముగ్గురి సీట్లో అప్పటికే ముగ్గురం. ఎదురుగా ఇంటర్ చదువుతున్న ఇద్దరమ్మాయిలు, ఇద్దరూ నా పాత స్టూడెంట్లే, "నమస్తే సార్" అన్నారు. వాళ్ళ పక్కన తోటకూర గంపతో ఒకావిడ. ఆటో కదలబోతుంటే బావ పరుగున వచ్చి ఎక్కాడు. నన్ను చూసి ఆగాడు. నా పక్కన తప్ప చోటు లేదు.

"నమస్కారమండి మాస్టారు," అని, నాకు తగలకుండా ఇనప కడ్డీ పట్టుకుని అంచున కూర్చున్నాడు.

నా గుండె దడదడలాడింది. అలవాటు కొద్దీ నాడి పట్టుకుని చూసుకున్నాను. జబ్బు కాదు, భయం. బట్టీ పట్టిన మూడు ముక్కల్లో ఒక్కటీ గుర్తు రావడం లేదు. పక్కకి చూశాను. బావ మీసాలు నిగనిగలాడుతున్నాయి. కాలరు మీద నల్లటి చుక్క ఉంది.

"అమ్మా," అన్నాను తోటకూర ఆవిడతో, గొంతు పెంచి. "గంప కొంచెం అవతల పెట్టుకోండి. మా బావ మీసానికేసిన రంగు ఇంకా ఆరలేదు. ఆకుకూరకి అంటిందంటే ఊళ్ళో ఎవరూ కొనరు."

అమ్మాయిలిద్దరూ పుస్తకాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. బావ రోడ్డు వైపే చూస్తున్నాడు. ఆటో ఒక గతుకు ఎక్కి దిగింది, ఇంకోటి ఎక్కి దిగింది. చెరుకుతోటలు దాటాయి. ఆయన ఒక్క మాట అనలేదు. అయిపోయింది, వరస పోయింది అనుకున్నాను.

అప్పుడు ఆయన నా వైపు కాకుండా ఆ ఆవిడ వైపు తిరిగాడు.

"అమ్మా, ఈడెవడో ఎరుగుదువా? మా బామ్మర్ది. కొత్తమావాసకి నా ఇంటికొచ్చి, నా గారెలు తిని, ఎంగిలి సేత్తో నా సెంప మీద కొట్టినాడు."

"ఓలమ్మా! ఎందుకు బావూ?"

"నానూ అదే అడిగినాను. ఈడు కొట్నేదంట. ఈడి గొంతులో గ్రంథుందంట, అది కొట్టిందంట. కాగితాలు కూడా ఉన్నాయి ఈడికాడ!"

ఆటో మొత్తం గొల్లుమంది. డ్రైవరు వెనక్కి తిరిగి చూస్తున్నాడు. బావ గొంతు పన్నెండడుగులూ లేచింది.

"ఒరే సన్నాసీ! మా సెల్లి పద్మ మెళ్ళో మూడు ముళ్ళేసింది నువ్వా, నీ గ్రంథా? పదో తరగతిలో లెక్కల్లో తప్పింది నువ్వా, నీ గ్రంథా?"

"సార్! మీరు లెక్కల్లో ఫెయిలా?" అని ఒకమ్మాయి అరిచింది.

నేను పడీ పడీ నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను కూడా. ఏది ఏదో నాకే తెలియలేదు. ఒరే అన్నాడు. ఆర్నెల్ల తరవాత ఒరే అన్నాడు. డాక్టరమ్మ దగ్గర వదిలేసి వచ్చిన ఆఖరి మాట అప్పుడు నాకు సరిగ్గా అర్థమైంది. కళ్ళు తుడుచుకుని, అందరూ వింటుండగానే అన్నాను.

"తప్పింది నేనే బావా. కొట్టింది కూడా నేనే."

ఆటోలో నవ్వు కాస్త తగ్గింది. బావ నా మొహంలోకి చూశాడు.

"మరి అలాగ సెప్పవేటిరా," అన్నాడు. "ఇన్నాళ్ళూ నన్నెవడు కొట్టాడో తెలీక సస్తన్నాను."

అని, పట్టుకున్న కడ్డీ వదిలేసి, నా మీదికి పూర్తిగా ఒరిగి కూర్చున్నాడు. నర్సీపట్నం బస్టాండ్ దాకా ఇద్దరం అలాగే వచ్చాం.